పాత కార్లు రెండు: ఏది కొందాం?

నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. కొత్త ఊళ్లో నాయనమ్మను నెలనెలా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకని పాత కారు కొనాలనుకున్నాం. చూసినవి రెండు: మారుతి 800, ఆల్టో. అన్నాచెల్లెళ్లం ఇద్దరం కాగితం మీద రెండు గడులు గీసి పోల్చి చూశాం.

రెండింటి ఇంజను 796 సీసీయే, సిలిండర్లు మూడే. మరి తేడా ఎక్కడ? ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. అది 800లో 2175 మిల్లీమీటర్లు, ఆల్టోలో 2360. అంటే జానెడుకు కాస్త తక్కువ తేడా. పెట్రోలు ట్యాంకులో 800కు 28 లీటర్లు, ఆల్టోకు 35 లీటర్లు పడుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు వస్తాయనుకుంటే, నిండు ట్యాంకుతో 420, 525 కిలోమీటర్లు వెళ్లవచ్చు.

నాయనమ్మ రెండింటిలోనూ కూర్చుని చూసింది. ఆల్టోలో మోకాళ్లు ముందు సీటుకు తగల్లేదు.

అయితే ఈ అంకెలు బండి వయసు చెప్పవు. అది ఆర్‌సీలో ఉంటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. 800 ధర తక్కువే, కానీ గడువు ఒక్క ఏడాదే మిగిలింది. ఆల్టోకు నాలుగేళ్లుంది. అందుకే ఆల్టోనే కొన్నాం.

మిత్రులారా, మనవి బదిలీల కుటుంబాలు. బండి చూసేముందు ఆర్‌సీ చూడండి!