శీతలము శుద్ధి కాదు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో వానలు మొగము చాటువేసిన యేట సంసారమును నిలబెట్టునది పాడిగేదె. ఎదకు వచ్చిన ఆ గేదెకు కృత్రిమ గర్భధారణపు సూది వేయించిన పిమ్మట మూడు వారములకు అది మరల పొర్లినచో, రైతు మొదట గేదెను, అటుపిమ్మట దాణాను, తుదకు తన యదృష్టమును నిందించును గాని, వీర్యనాళికలో నేమున్నదని యడుగువా డరుదు.

నల్లమల కావల నంద్యాలలో ఘనీకృత వీర్యకేంద్రమొకటి కలదు. ఇట్టి కేంద్రములలో ఆబోతులనుండియు దున్నపోతులనుండియు సేకరించిన వీర్యమును గ్రుడ్డుసొన మొదలగువానితో పలుచన చేసి, పావు మిల్లీలీటరు పట్టు సన్నని గొట్టములలో నింపి, సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిలువచేయుదురు. ఆరోగ్యముగల పశువు వృషణములలో వీర్యము నిర్మలమే; వెలికి వచ్చునపుడు శిశ్నమును కప్పు తోలుసంచిలోని మూత్రపు తడి, పేడ, దుమ్ము, వానితోపాటు సూడోమొనాస్, ఇ.కోలై, స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియాయు దాని నంటుకొనును. అవి బీజకణముల చలనమును మందగింపజేయును, వాని పైపొరను చెఱచును, గర్భాశయమునకు వాపు తెచ్చును. ఈసుకుపోవు రోగమునకు మూలమైన బ్రూసెల్లా చేరినచో ఆ ముప్పునకు మేర లేదు.

అంతటి చలిలో క్రిములు చావవా యని పలువురి సందేహము. అన్నియు చావవు; బీజకణములను కాపాడుటకై కలిపిన గ్లిసరాలును, ఆ శీతలమును పెక్కు క్రిములను గూడ భద్రముగా దాచియుంచును. పూర్వము ఊరి ఆబోతు దోషము పొలిమేర దాటుట అరుదు. నేడొక్క సేకరణమునుండి వందల మోతాదులు సిద్ధమై దోషమును గూడ ఊరూరికి మోయగలవు.

ఈ క్రిముల నణచుటకై 1940 దశకమున అమెరికాలో పరిశోధకుడైన ఆల్మ్‌క్విస్ట్ మున్నగువారు వీర్యమున పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ మందులు కలిపి చూచిరి. నేడు జెంటామైసిన్, టైలోసిన్ వంటివియు వాడుకలో నున్నవి. అయినను మందులకు లొంగని క్రిములు పెరుగుచున్న యీ కాలమున, ఆబోతు పొట్టక్రింది వెండ్రుకలు కత్తిరించి, తోలుసంచిని కడిగి, కొట్టము నూడ్చు పనివాని చీపురే మొదటి యౌషధమని నా యభిప్రాయము. మిల్లీలీటరు వీర్యమున బాక్టీరియా 5000కు మించరాదని మన దేశ ప్రమాణము.

కేంద్రమెంత శుద్ధముగా నున్నను రైతు కొట్టములోని అశుద్ధత దానిని వ్యర్థము చేయగలదు. కావున రైతు సోదరులారా, సూది వేయు గోపాలమిత్ర వచ్చునప్పటికి గేదె తోక మూలమును కడిగి తుడిచి యుంచుడు. నాళికను 37 డిగ్రీల గోరువెచ్చని నీట అర నిమిష ముంచి, తడి లేకుండ తుడిచి, క్రొత్త తొడుగుతో వేయుమని మొగమాటము లేక యడుగుడు.