వేరుశనగ చేలలో ఉడుము, గోదురుకప్ప: ఒక తులనాత్మక పరిశీలన

పశ్చిమ కనుమల వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్న అనంతపురం పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఇక్కడి ఎర్ర నేలల్లో సాగయ్యే వేరుశనగ చేలను ఆశ్రయించి బ్రతికే జీవులలో పరిమాణంలో పరస్పర విరుద్ధమైనవి రెండు. ఒకటి ఉడుము (వరానస్ బెంగాలెన్సిస్). తోకతో కలిపి ఇది 1.75 మీటర్ల వరకు పెరుగుతుంది. రెండవది చిన్న గోదురుకప్ప (డుట్టాఫ్రైనస్ స్కాబర్). ఇది సాధారణంగా 5 సెం.మీ. మించదు.

నీటి పొదుపు

ఉడుము చర్మం పొలుసులతో కప్పబడి తేమను బయటకు పోనీయదు. నత్రజని వ్యర్థాలను అది యూరిక్ ఆమ్లం రూపంలో, అతి తక్కువ నీటితో విసర్జిస్తుంది. గుడ్లను మట్టిలోనో, చెదపుట్టలోనో పెడుతుంది. వాటికి నీటి మడుగు అవసరం లేదు. గోదురుకప్ప చర్మం పలుచనిది. అది నోటితో నీరు త్రాగదు. పొట్ట అడుగు చర్మం ద్వారా తడి నేలనుండి గ్రహిస్తుంది. వేసవిని మట్టిలో దాగి గడిపి, తొలకరితో వెలుపలికి వచ్చి వాననీటి గుంటలలో గుడ్లు పెడుతుంది. వర్షాల నడుమ బెట్ట ఏర్పడి గుంటలు ఎండితే తోకకప్పలన్నీ నశిస్తాయి. కనుక అనావృష్టి దెబ్బ ముందుగా తగిలేది కప్పకే.

ఆహారం

ఉడుము పగటిపూట తిరుగుతూ, చీలిన నాలుకతో వాసన పసిగట్టి, గోళ్లతో నేలను త్రవ్వి పెంకు పురుగులను, వాటి పిల్ల పురుగులను, ఎలుకలను తింటుంది. గోదురుకప్ప రాత్రివేళ చెదలను, చీమలను, చిన్న పెంకు పురుగులను వేటాడుతుంది. వేరుశనగకు వేరుపురుగు, చెదలు, ఎలుకలు మూడూ శత్రువులే. అయితే ఈ రెండు జీవులూ మిత్రపురుగులనూ విడువవు. కావున వీటిని సస్యరక్షణకు ప్రత్యామ్నాయంగా గాక, తోడుగా మాత్రమే పరిగణించాలి.

ముప్పు, రక్షణ

నీటిని పీల్చే చర్మమే కప్పకు ప్రమాదహేతువు. నేలలో వేసిన పురుగుమందు ఆ మార్గంలోనే దాని రక్తంలో చేరగలదు. ఉడుముకు అది ప్రధానంగా తిన్న పురుగుల ద్వారా చేరుతుంది. దీనికి తోడు మాంసం కోసం జరిగే వేట ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉడుము ఉన్నందున దానిని చంపడం కారాగార శిక్షకు దారితీసే నేరం.

రైతులు గట్లమీది పొదలను, రాళ్ల కుప్పలను, పుట్టలను పూర్తిగా తొలగించరాదు. నేలకు వేసే మందులను పురుగు ఉధృతిని పరిశీలించిన తరువాతనే, అవసరమైన మేరకే వాడాలి. సేద్యపు కుంటల ఒక అంచునైనా ఏటవాలుగా ఉంచితే కప్పలు దిగి, ఎక్కగలవు. ఈ పనులకు ఖర్చు స్వల్పం. వర్షాభావ సంవత్సరంలో ఈ జీవులు నిలిచి ఉండటానికి ఆధారం మాత్రం ఇవే.