కేసు గెలిచినా నకలు లేకుంటే తిప్పలే

భూమి తగాదాలో తీర్పు మన పక్షాన వచ్చింది. వకీలు సాబుకు దండం పెట్టి, ఊళ్ళో నలుగురికి చెప్పుకొని మళ్ళీ పొలం పనిలో పడతాం. పదేండ్లు గడిచాక పాసుపుస్తకంలో పేరు ఎక్కించుకుందామని మండలాఫీసుకు పోతే అడిగే మొదటి మాట 'డిక్రీ నకలు ఏది?' అని. అప్పటికి కేసు నడిపిన తండ్రి ఉండడు, వకీలు ఉండడు, కేసు నంబరు ఎవరికీ గుర్తుండదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఇలాంటి ఇండ్లు తక్కువేం కాదు. కాయితం పోయినంత మాత్రాన హక్కు పోదు. కానీ దాన్ని కోర్టు నుంచి మళ్ళీ తెచ్చుకోవాలి. దానికో పద్ధతి ఉంది, కొన్ని గడువులు కూడా ఉన్నాయి.

కేసు నంబరే తాళంచెవి

కోర్టులో ఏ కాయితం కావాలన్నా ముందు నంబరు కావాలి. భూమి మీద వేసిన దావాకు 'ఓ.ఎస్.' అని, అప్పీలుకు 'ఏ.ఎస్.' అని, తీర్పు అమలు కోసం వేసే దరఖాస్తుకు 'ఈ.పీ.' అని ముందు పెట్టి, నంబరు, సంవత్సరం రాస్తారు. ఓ.ఎస్. 45/1998 అంటే 1998లో ఆ కోర్టులో పడిన 45వ దావా అన్నమాట. ఒకే నంబరు పక్క కోర్టులోనూ ఉంటుంది కాబట్టి కోర్టు పేరు కూడా తెలియాలి.

నంబరు తెలియకపోతే ముందు ఇంట్లోనే వెతకాలి. పాత ట్రంకు పెట్టెలో సమన్లు, వకీలు నోటీసు, అమీను తెచ్చిన కాయితం ఏది దొరికినా పైన నంబరు ఉంటుంది. తర్వాత జరిగిన రిజిస్ట్రీ దస్తావేజుల్లో కూడా ఒక్కోసారి పలానా డిక్రీ ప్రకారం సంక్రమించిన భూమి అని రాసి ఉంటుంది. వకీలు లేకపోయినా ఆయన దగ్గర పనిచేసిన జూనియర్‌నో గుమాస్తానో అడగాలి. ఎదుటి పక్షం ఇంట్లోనూ ఆ కాయితాలు ఉంటాయి, కాకపోతే అడిగితే ఇస్తారా అన్నది వేరే సంగతి.

ఇంట్లో దొరక్కపోతే సెల్‌ఫోన్‌లో 'ఈ-కోర్ట్స్ సర్వీసెస్' అనే యాప్‌లో చూడవచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకొని, పార్టీ పేరు, సంవత్సరం కొడితే కేసులు వస్తాయి. నడుస్తున్నవి వేరు, ముగిసినవి వేరు. రెండు చోట్లా చూడాలి. పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. 'అయ్య' అన్న మాటను ఒక గుమాస్తా రెండు వైలతో రాస్తే మరొకరు ఐ, ఏ, హెచ్ పెట్టి రాస్తారు. అందుకని పేరులో మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టి వెతకడం మేలు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే పది నిమిషాల పని. అయితే కంప్యూటర్లు రాకముందు ముగిసిన కేసులు చాలావరకు అందులో దొరకవు. వాటికి కోర్టు ఆఫీసులో దావాల రిజిస్టర్లు చూడమని దరఖాస్తు ఇవ్వాలి. సంవత్సరం సుమారుగానైనా చెప్పగలిగితే పని తేలికవుతుంది.

ఏ కోర్టులో అడగాలి?

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. కానీ వీటికి సొంత జిల్లా కోర్టులు 2022 జూన్ 2న వచ్చాయి. అంతకుముందు జిల్లా కోర్టు కరీంనగర్‌లోనే. కాబట్టి జగిత్యాలలోనో కోరుట్లలోనో దావా నడిచినా, దాని మీద అప్పీలు కరీంనగర్‌లో నడిచి ఉండవచ్చు. పాత ఫైలు కూడా అక్కడి రికార్డు రూములో ఉండవచ్చు. దావా వేసిన కోర్టులో మొదట విచారించి, ఫైలు ఎక్కడికి పంపారో రాయించుకొని పోతే బస్సు కిరాయి మిగులుతుంది. కేసు ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు బదిలీ అయితే కొత్త నంబరు పడుతుందని గుర్తుంచుకోవాలి. నిజాం కాలం నాటి తీర్పులైతే ఉర్దూలో ఉంటాయి, చదివించుకోవలసిందే.

నకలు దరఖాస్తు

సర్టిఫైడ్ నకలు కోసం ఇచ్చే దరఖాస్తును 'సి.ఏ.' అంటారు. కేసు నంబరు, పార్టీల పేర్లు, తీర్పు తేదీ, కావలసిన కాయితం రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. తీర్పు వేరు, డిక్రీ వేరు. జడ్జి గారు కారణాలతో రాసేది తీర్పు. ఎవరికి ఏం దక్కిందో తేల్చి చెప్పేది డిక్రీ. రెండూ అడగాలి. ఎన్ని కాపీ స్టాంపులు కావాలో కొన్ని రోజులకు నోటీసు బోర్డు మీద పెడతారు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. దరఖాస్తు ఇచ్చి ఊరికి పోయి, బోర్డు చూసుకోక, గడువులో స్టాంపులు కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. ఆ బోర్డు చూసే పని వకీలు గుమాస్తాకు గట్టిగా అప్పజెప్పాలి.

కేసులో పార్టీలు, చనిపోతే వారి వారసులు అడిగితే ఇబ్బంది ఉండదు. కేసుతో సంబంధం లేనివారు మాత్రం ఎందుకు కావాలో ప్రమాణ పత్రంతో చెప్పుకొని, కోర్టు అనుమతితో తీసుకోవాలి. ఫోన్‌లో కనిపించే తీర్పు ప్రింటు చదువుకోవడానికే. ఆఫీసుల్లో ముద్ర ఉన్న నకలునే చూస్తారు.

నకలు చేతికి రాగానే షెడ్యూలు పేజీ ఉందో లేదో చూడండి. సర్వే నంబరు, బై నంబరు, ఎన్ని గుంటలు, నాలుగు దిక్కుల గెట్లు ఒక్కొక్కటి సరిచూసుకోవాలి. 12 గుంటలు 21 గుంటలుగా పడితే మండలాఫీసులో ఆ కాయితమే మనకు అడ్డం తిరుగుతుంది. రాతలో, లెక్కలో జరిగిన తప్పును సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద సరిచేయమని అదే కోర్టును అడగవచ్చు.

గడువుల లెక్క

నకలు మీద దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ అన్నీ వేస్తారు. ఇవి ఊరికే వేసేవి కావు. ఓడిన వారు జిల్లాలోని పై కోర్టుకు అప్పీలు పోవడానికి 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు గడువు. నకలు తయారీకి పట్టిన రోజులను ఈ గడువులోంచి తీసేస్తారు. మనం స్టాంపులు కట్టడంలో చేసిన ఆలస్యాన్ని, సిద్ధమైన నకలు తెచ్చుకోకుండా వదిలేసిన రోజులను మాత్రం తీసేయరు.

గెలిచినవారికీ గడువు ఉంది. భూమి అప్పగించాలని వచ్చిన డిక్రీని 12 ఏండ్లలోపు అమలు చేయించుకోవాలి. 2015లో డిక్రీ వస్తే 2027లోపు ఈ.పీ. వేయాలి. పంపకాల కేసులో ఫైనల్ డిక్రీని స్టాంపు కాయితం మీద ఎక్కించుకోలేదని ఈ లెక్క ఆగదు. డిక్రీ తేదీ నుంచే నడుస్తుందని సుప్రీంకోర్టు 2005లో తేల్చింది. కట్టిన గోడ తీసేయమనే తరహా ఆదేశానికైతే 3 ఏండ్లే. మన పొలంలోకి రావద్దని ఇచ్చిన శాశ్వత ఇంజంక్షన్‌కు మాత్రం గడువు లేదు.

ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. అందులో కోర్టు డిక్రీ ప్రకారం పేరు మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. డిక్రీతో పాటు అప్పీలు గానీ స్టే గానీ ఉందా అని అడుగుతారు, ఆ సంగతి ముందే కనుక్కొని పోవాలి.

పక్కవాడి కేసు కూడా మనకు పనికొస్తుంది

మిడ్ మానేరు ముంపులోనో శ్రీరాంసాగర్ కాలువల కిందో భూమి పోయినవారు ఇది గమనించాలి. 1894 చట్టం కింద ఒకే నోటిఫికేషన్‌లో భూమి పోయిన పక్క రైతు కోర్టుకు పోయి ఎక్కువ పరిహారం తెచ్చుకుంటే, కోర్టుకు పోనివారు కూడా ఆ లెక్కన ఇవ్వమని 28-ఏ సెక్షన్ కింద కలెక్టరును అడగవచ్చు. 2013 చట్టంలో ఇదే 73వ సెక్షన్. గడువు ఆ అవార్డు తేదీ నుంచి 3 నెలలే. నకలుకు పట్టిన రోజులు ఇక్కడా తీసేస్తారు. పక్కవాడి కేసు తేలిందని వినగానే అదే వారం నకలుకు దరఖాస్తు పడాలి.

కొనేవారికీ రికార్డు అవసరమే. కోర్టులో నడుస్తున్న భూమిని కొంటే, ఆ తీర్పుకు కొన్నవాడూ కట్టుబడాలి. ఇరవై గుంటలకు బయానా ఇచ్చే ముందు అమ్మేవారి పేరు, వారి తండ్రి పేరు కొట్టి చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఖర్చు భరించలేని వారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం ఉంది. ఫోను నంబరు 15100. సివిల్ కోర్టులకు మే నెలలో వేసవి సెలవులు ఉంటాయి కనుక దరఖాస్తులు మార్చిలోనే ఇచ్చుకోవాలి. పోయినప్పుడే, కేసులో దాఖలు చేసిన మన అసలు పాసుపుస్తకం, సాదాబైనామా ఫైలులో ఉన్నాయేమో అడగండి. అప్పీలు గడువు దాటాక వాటిని వాపసు ఇమ్మని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాలం తీరిన పాత ఫైళ్ళను నియమాల ప్రకారం నాశనం చేసే అధికారం కోర్టులకు 1917 నుంచే ఉంది.