పాలనాభాషగా తెలుగు: శాసనసభ్యుడు వావిలాల దృక్పథం - ఒక పరిశీలన

వావిలాల గోపాలకృష్ణయ్య (1906-2003)ను స్వాతంత్ర్య సమరయోధుడుగా, గ్రంథాలయోద్యమ కార్యకర్తగా స్మరించుకోవడం పరిపాటి. శాసనసభ్యుడుగా భాషావిధానంపై ఆయన వహించిన వైఖరిని విడిగా పరిశీలించవలసి ఉంది. సత్తెనపల్లి నుండి 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో గెలుపొందిన వావిలాల మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు మూడింటిలోనూ సభ్యులు. భాష ప్రాతిపదికపై రాష్ట్రం ఏర్పడాలని పోరాడినవారు, ఏర్పడిన రాష్ట్రంలో ఆ భాషకు కార్యాలయంలో చోటేదని అడగడం సహజమే. ఆయన కృషిని గమనిస్తే తెలుగును అధికారభాష చేయాలన్న వాదం కేవలం భాషాభిమానం కాదనీ, పౌరునికీ ప్రభుత్వానికీ గల సంబంధానికి చెందిన ప్రశ్న అనీ స్పష్టమవుతుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా అధికారభాషా చట్టం 1966లో గాని రాలేదు. రాజ్యాంగంలోని 345వ అధికరణం శాసనసభకు ఈ అధికారాన్ని మొదటినుండీ ఇచ్చింది. చట్టం తెలుగును అధికారభాషగా ప్రకటించింది గాని, ఏ పనికి, ఏ తేదీ నుండి వాడాలన్నది ప్రభుత్వ ప్రకటనలకు విడిచిపెట్టింది. ఇంగ్లీషు వాడుకను కొనసాగనిచ్చింది. చట్టానికీ అమలుకూ నడుమ దూరం ఇక్కడే మొదలైంది. 1974లో ఏర్పడిన అధికారభాషా సంఘానికి వావిలాల తొలి అధ్యక్షులు కావడంతో, ఆ దూరాన్ని తగ్గించే బాధ్యత సభలో వాదించిన వ్యక్తిపైనే పడింది.

ఏ తెలుగులో పాలన సాగాలన్నది దీనికంటె చిక్కైన ప్రశ్న. ఒకే గ్రామ రెవెన్యూ లెక్కను కోస్తా, రాయలసీమ జిల్లాల్లో అడంగల్ అంటారు, తెలంగాణలో పహాణీ అంటారు. మొదటిది తమిళం నుండి మద్రాసు పాలన ద్వారా వచ్చింది. రెండవది ఉర్దూ పాలనాభాషగా ఉన్న నిజాం రాజ్యపు దస్తరాలలో స్థిరపడింది. ఈ రెండూ రైతుకు తెలుగు మాటలే. జమాబందీ, పట్టా, తహసీల్దారు వంటివీ అంతే. వీటిని తొలగించి సంస్కృత సమాసాలను నిర్మిస్తే ఇంగ్లీషు స్థానంలో మరొక అర్థంకాని భాష వస్తుంది. పారిభాషిక పదకోశాల నిర్మాణంలో పండితులు ఈ ప్రమాదాన్ని తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం. ఉత్తర్వు తెలుగులో ఉండటం ఒకటి, అది అందుకున్న మనిషికి అర్థం కావడం మరొకటి. తన భూమిపై వచ్చిన నోటీసును ఇతరులచేత చదివించుకునే రైతుకు గడువులోగా జవాబిచ్చుకునే అవకాశమే సందిగ్ధంలో పడుతుంది.

నేటి బోధనామాధ్యమ చర్చను కూడా ఈ వెలుగులో చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టిన 2019 నాటి ఉత్తర్వులను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ 2018 చట్టం ద్వారా పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి విషయంగా చేసింది. ఈ రెండు సందర్భాలలోనూ చర్చ బడి చుట్టూనే తిరిగింది. ఉద్యోగం, ఫైలు, తీర్పు ఇంగ్లీషులో ఉన్నంతకాలం తల్లిదండ్రులు ఇంగ్లీషునే ఎంచుకుంటారు. వారిని నిందించి లాభం లేదు. పాలనాభాషను వదిలి మాధ్యమాన్ని మాత్రమే చర్చించడం వేరును వదిలి కొమ్మకు నీరు పోయడమే.

న్యాయస్థానాల విషయం మరీ జటిలం. 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు మరొక విధంగా చట్టం చేసేవరకు హైకోర్టు భాష ఇంగ్లీషే. అయితే రాష్ట్రపతి ముందస్తు సమ్మతితో గవర్నరు రాష్ట్ర అధికారభాషను హైకోర్టు వ్యవహారాలలో అనుమతించవచ్చు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ హైకోర్టులలో హిందీకి ఈ అనుమతి ఉంది. తెలుగు రాష్ట్రాల హైకోర్టులు రెండింటిలోనూ కక్షిదారు తన అర్జీని నేటికీ ఇంగ్లీషులోనే దాఖలు చేయించుకుంటున్నాడు.