పాత మోటార్‌హోమ్‌లో ప్రయాణమా? ముందు గాలి సంగతి చూడండి

"మా అబ్బాయి అమెరికాలో పాత మోటార్‌హోమ్ ఒకటి చవగ్గా కొన్నాడు. మేం వెళ్ళినప్పుడు అందులో నెలరోజులు ఊళ్ళు తిప్పుతానంటున్నాడు. మావారికి గుండెజబ్బు, నాకు షుగరు. వెళ్ళవచ్చునా?" అని ఒక పాఠకురాలు అడుగుతున్నారు.

నిరభ్యంతరంగా వెళ్ళవచ్చును. అయితే బండి ఎక్కేముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మీ ఇద్దరి జబ్బులకంటే ముందు ఆ బండి జబ్బులు తెలుసుకోవాలి.

మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద కట్టిన ఇల్లు. డ్రైవరు సీటు వెనకాలే మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి ఉంటాయి. పెద్దవి బస్సులంతేసి ఉంటాయి. చిన్నవాటిలో పేరుపడ్డవి టొయోటా పికప్ బండి మీద కట్టినవి. డాల్ఫిన్, సన్‌రేడర్ లాంటి పేర్లతో 1970ల చివరి నుంచి 1990ల మొదటిదాకా అక్కడి కంపెనీలు వీటిని తయారుచేశాయి. ఇవి పెట్రోలు తక్కువ తాగుతాయి, ఇరుకు చోట్ల కూడా ఆగుతాయి. అందుకే వీటికి ముప్ఫై, నలభై ఏళ్ళు పైబడినా కొనేవాళ్ళున్నారు. మీ అబ్బాయి కొన్నది ఇలాంటిదే అయివుంటుంది.

ఇంట్లో వంటగది ఒక మూల, పడకగది ఒక మూల ఉంటాయి. కారు వీధిలో ఉంటుంది. ఈ బండిలో మీ దిండుకూ గ్యాసు పొయ్యికీ మధ్య బారెడు దూరం ఉంటే గొప్ప. ఇంజను పొగ వెళ్ళే గొట్టం మీరు పడుకునే మంచం కిందుగానే పోతుంది. ఇంట్లో అయితే చీకాకుతో పోయే చిన్న లోపం, ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

వాసన లేని శత్రువు

చలికాలంలో తలుపులు బిగించి, బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకు పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు మీరు చదివే ఉంటారు. గాలాడని స్నానాలగదిలో గ్యాసు గీజరు వెలిగించి స్నానానికి వెళ్ళినవాళ్ళు కుప్పకూలిన సంగతులూ విన్నారు. ఆ పని చేసేది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు. బొగ్గు, గ్యాసు, పెట్రోలు ఏదైనా సరే, చాలినంత గాలి లేక సగం సగం మండినప్పుడు ఇది పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు.

మన రక్తంలోని హిమోగ్లోబిన్ పని ప్రాణవాయువును మోసుకుపోవడం. ఈ విషవాయువు ప్రాణవాయువుకంటే 200 రెట్లు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. పట్టుకుని ఒక పట్టాన వదలదు. మామూలు గాలిలోకి తీసుకువచ్చినా, చేరిన విషంలో సగం పోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్కు పెట్టి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. గుండె రక్తనాళాలు ఇరుకైనవాళ్ళకు కొద్దిపాటి విషంతోనే గుండెనొప్పి రావచ్చు. గర్భిణుల విషయంలో కడుపులోని బిడ్డకు ఇంకా ప్రమాదం.

మొదట తలనొప్పి వస్తుంది. తర్వాత తల తిరగడం, వికారం, వాంతి, కాళ్ళలో సత్తువ లేకపోవడం. "బండి పడలేదు", "నిన్నటి తిండి అరగలేదు" అనుకుని పడుకుంటారు. పడుకోవడమే ముప్పు. కాబట్టి ఈ గుర్తు మరిచిపోకండి: బండిలో ఉన్న ఇద్దరు ముగ్గురికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, కిందికి దిగి నడిస్తే తేలిక పడుతుంటే, అది అజీర్ణం కాదు. వెంటనే అందరూ బయటికి రావాలి. పొయ్యీ, ఇంజనూ ఆపడం తరవాతి సంగతి. అమెరికాలో 911కు ఫోను చేసి, అనుమానం ఫలానా అని చెప్పండి.

ఇంకొక మాట. కోవిడ్ రోజుల నుంచి చాలామంది వేలికి తగిలించుకునే ఆక్సీమీటరు దగ్గర పెట్టుకుంటున్నారు. దాన్ని చూసి "98 ఉంది, ఫరవాలేదు" అని ధైర్యపడకండి. మామూలు ఆక్సీమీటరు ప్రాణవాయువు పట్టిన హిమోగ్లోబిన్‌కూ, ఈ విషం పట్టిన హిమోగ్లోబిన్‌కూ తేడా కనిపెట్టలేదు. మనిషి స్పృహ తప్పుతున్నా అంకె బాగానే కనిపించవచ్చు. రక్తపరీక్షలోనే నిజం తేలుతుంది.

పాత బండిలో ఈ వాయువు ఎక్కడినుంచి వస్తుంది? తుప్పుపట్టి చిల్లులుపడిన పొగగొట్టం నుంచి రావచ్చు. ఆ గొట్టం బండి వెనక అంచు దాటి బయటికి రావాలి. మధ్యలోనే ఆగితే పొగ నేల సందుల్లోంచి లోపలికి ఎక్కుతుంది. వైర్లకోసం, గొట్టాలకోసం పాత యజమానులు నేలలో పొడిచిన రంధ్రాలన్నీ మూయించాలి. బండి నడుస్తూండగా వెనక కిటికీ తెరవకండి. పరుగెత్తే బండి వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికి లాగుతుంది.

ఈ బండ్లలో ఫ్రిజ్ కరెంటుతోనేకాక గ్యాసు మంటతో కూడా పనిచేస్తుంది. మంటతో చల్లదనమేమిటని ఆశ్చర్యపోకండి, లోపల అమ్మోనియా ఉంటుంది. ఆ మంట పొగ బండి బయటికి పోవాలి. ఫ్రిజ్ చుట్టూ బిగించిన పట్టీ ఎండి ఊడితే పొగ గదిలోకి వస్తుంది. మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా మండినా, మసి పట్టినా మెకానిక్కును పిలవండి. ఫ్రిజ్ దగ్గర ముక్కు అదిరే ఘాటు వస్తే అమ్మోనియా కారుతున్నట్లు. దాన్ని ఆపించి బయటికి నడవండి.

చలికి పొయ్యి వెలిగించి వేడి కాచుకోవడం మాత్రం ఎన్నడూ చేయకండి. వంట చేసే పది నిమిషాలు కూడా పైకప్పు కిటికీ, పక్క కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. జనరేటరు ఉంటే అది నడుస్తుండగా నిద్రపోకండి. మీ జనరేటరు ఆపినా పక్క బండిది నడుస్తూ ఉండవచ్చు, చూసుకోండి.

ఈ వాయువు పసిగట్టి కూతపెట్టే చిన్న యంత్రాలు దొరుకుతాయి. బండి పాతదైనా యంత్రం కొత్తదై ఉండాలి. అయిదు నుంచి పదేళ్ళలో దాని ఆయుష్షు తీరుతుంది. ఆ తేదీ దాని వెనకే రాసి ఉంటుంది. మీట నొక్కితే కూసిందని సంబరపడకండి, అది బ్యాటరీ సంగతీ, కూత సంగతీ చెబుతుందిగాని పసిగట్టే శక్తి సంగతి చెప్పదు. వంటగ్యాసు కారితే పట్టే యంత్రం వేరు. ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి దాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు. పెద్దవయసులో ముక్కు మందగిస్తుంది. గ్యాసు వాసన మీకు తగలలేదంటే గ్యాసు కారలేదని అర్థం కాదు.

చెమ్మ, ఎలుకలు, బ్రేకు దుమ్ము

పాత బండి పైకప్పు అతుకుల్లో వేసిన పూత ఎండి పగిలితే వాన నీరు గోడల్లోకి దిగుతుంది. మంచం పైనున్న మూలలను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే లోపల చెక్క కుళ్ళిందన్నమాట. అక్కడ పట్టే బూజు ఉబ్బసం ఉన్నవాళ్ళను నిద్రపోనివ్వదు. దానిమీద రంగు వేసి అమ్మేవాళ్ళు ఉంటారు. కంటిని కాదు, ముక్కునూ వేలినీ నమ్మండి.

చలికాలమంతా మూలపడి ఉన్న బండిలో ఎలుకలు కాపురం పెడతాయి. అమెరికా పడమటి రాష్ట్రాల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అక్కడ డీర్ మౌస్ అనే చిట్టెలుక మూత్రం, రెట్టల ద్వారా హంటావైరస్ అనే క్రిమి ఊపిరితిత్తులకు సోకుతుంది. 1993లో ఈ వ్యాధిని అక్కడ మొదటిసారి గుర్తించారు. 2012లో యోసెమిటీ పార్కుకు వెళ్ళిన యాత్రికుల్లో పదిమందికి సోకి ముగ్గురు చనిపోయారు. వారిలో ఎక్కువమంది బస చేసిన గుడారపు గదులకు రెండు పొరల గోడలుండేవి, మధ్యలో ఎలుకలు చేరాయి. మోటార్‌హోమ్ గోడలూ రెండు పొరలవే. అందుచేత రెట్టలు కనిపిస్తే చీపురుతో ఊడవకండి, దుమ్ము లేచి ఊపిరిలోకి పోతుంది. తలుపులన్నీ తెరిచి అరగంట బయట ఉండండి. తరవాత చేతికి తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ఆ చోటంతా తడపండి. అయిదు నిమిషాలు నాననిచ్చి తడిగుడ్డతో తీసేయండి.

బండి రిపేరు తానే చేసుకునే అబ్బాయికి ఒక హెచ్చరిక. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. వెనక డ్రమ్ము విప్పి దుమ్మును గాలిగొట్టంతో ఊదడం ఊపిరితిత్తులకు చేటు. ఆ దుమ్మును తడిపి తుడవాలి. ఈ టొయోటా బండ్లలో తొలిరోజులవాటికి తేలికరకం యాక్సిల్ మీదే వెనక జంటచక్రాలు తగిలించారు. బరువుకు ఆ యాక్సిల్ విరిగి చక్రం ఊడిపోవచ్చు. వెనకచక్రానికి అయిదు బోల్టులుంటే ఆ రకమని అనుమానించాలి. తరవాత వచ్చిన గట్టిరకానికి ఆరు ఉంటాయి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ, ఏడాదినీ చెబుతాయి. పైకి కొత్తగా ఉన్నా పదేళ్ళు దాటిన టైరు పనికిరాదు.

ఇక మీ సంగతి

కాళ్ళు వేలాడేసుకుని గంటల తరబడి కూర్చుంటే పిక్కల్లోని రక్తం గడ్డకట్టవచ్చు. రెండు గంటలకొకసారి బండి ఆపించి, దిగి పది నిమిషాలు నడవండి. నడుస్తున్న బండిలో లేచి తిరగవద్దు, పైమంచం మీద పడుకుని ప్రయాణం చేయవద్దు. బెల్టు ఉన్న సీటులోనే కూర్చోండి. చాలా పాత బండ్లకు వెనక సీట్లలో బెల్టులే ఉండవు. అలాంటప్పుడు ఎంతమందికి బెల్టులున్నాయో అంతమందే ఎక్కండి.

మన ఆడవాళ్ళు ప్రయాణంలో మరుగుదొడ్డికి భయపడి మంచినీళ్ళు మానేస్తారు. మూత్రంలో మంట, మలబద్ధకం కొని తెచ్చుకుంటారు. ఈ బండిలో మరుగుదొడ్డి వెంటే ఉంది గనక ఆ సాకు చెల్లదు. ట్యాంకు నీళ్ళు మాత్రం సీజను మొదట్లో శుభ్రం చేయాలి. 60 లీటర్లకు 60 మిల్లీలీటర్ల వాసన కలపని బ్లీచ్ వేసి, కుళాయిలన్నిటిలోకీ పారించి, రాత్రంతా ఉంచి పారబోసి, వాసన పోయేదాకా కడగాలి. మురుగు వదిలే గొట్టంతో మంచినీళ్ళు పట్టకండి. రెండిటికీ వేర్వేరు రంగుల గొట్టాలు కొనమనండి.

ఇన్సులిన్ వేసుకునేవారు ఆ ఫ్రిజ్‌ను పూర్తిగా నమ్మకండి. బండి ఏటవాలుగా ఆగితే అది చల్లబడదు. చల్లబడ్డప్పుడు వెనకగోడకు ఆనుకున్న సీసా గడ్డకట్టవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయండి. లోపల చిన్న థర్మామీటరు పెట్టండి. వాడుతున్న సీసా చాలా రకాల్లో 30 డిగ్రీలు దాటని చోట నాలుగు వారాలదాకా ఉంటుంది. మూసి ఎండలో ఆపిన బండిలో మాత్రం వదిలి వెళ్ళకండి.

గుండెజబ్బు ఉన్నవారు కొలరాడోలోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డులాంటి చోట్లకు వెళ్ళేముందు తమ డాక్టరును అడగాలి. ఆ రోడ్డు 3,700 మీటర్లు దాటి ఎక్కుతుంది. అక్కడ గాలే పలచన, దానికి బండి పొగ తోడైతే గుండెకు రెట్టింపు పని.

మందుల చీటీ మీద కంపెనీ పేర్లు కాక అసలు మందు పేర్లు రాయించుకోండి. మన బ్రాండు పేర్లు అక్కడి మందుల షాపులో చెబితే తెలియవు. మన పారాసిటమాల్‌ను కూడా వాళ్ళు అసెటమినోఫెన్ అంటారు.