వార్తల్లో పదం: మురాబహా

గల్ఫు దేశముల ఆర్థికవార్తలలో తఱచుగా కానవచ్చు మురాబహా యనునది, కొన్న ధరను, దానిపై లాభమును దాచక చెప్పి చేయు విక్రయము. ఇస్లాము ధర్మశాస్త్రము వడ్డీని నిషేధించి వర్తకమును అనుమతించుటచే, బ్యాంకు ఇచట ఋణదాత గాక వర్తకుడగుచున్నది.

కారు కావలసినవాడు ఆశ్రయించినచో, బ్యాంకు ఆ కారును తాను, ఉదాహరణకు లక్ష రియాళ్లకు కొని, లక్షా పదిహేనువేలకు అతనికి అమ్మి, ఆ సొమ్మును నెలసరి వాయిదాలలో రాబట్టుకొనును. వాయిదా తప్పినను ఒప్పుకొన్న ధర పెరుగదు. ఆలస్యరుసుము విధించినచో దానిని సాధారణముగా ధర్మకార్యములకు మళ్లింతురు. అయితే వస్తువు క్షణకాలమైనను బ్యాంకు సొత్తు కావలెను, ఆ నడుమ నష్టము వాటిల్లినచో అది బ్యాంకుదే. ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదియే.

ఇండ్ల విషయమున ఈ రెండు విక్రయములే చిక్కు తెచ్చినవి: బ్రిటనులో ఒకే యింటికి రెండుమార్లు స్టాంపు సుంకము పడుచుండగా, 2003 నాటి ఆర్థికచట్టము ఆ ద్వంద్వభారమును తొలగించెను. లాభశాతమును బజారు వడ్డీరేటును చూచియే తఱచు నిర్ణయింతురు గనుక భేదము పేరునందే యని విమర్శకులును, నష్టభయమును వహించుటలోనే భేదమున్నదని సమర్థకులును వాదింతురు. గల్ఫులో కొలువుచేయు తెలుగువాడు, ఏ మతస్థుడైనను, ఇట్టి పత్రముపై సంతకము చేయవలసిరావచ్చును. అప్పుడు అడుగవలసినది వడ్డీ యెంత యని కాదు, మొత్తము ధర యెంత, ముందుగా తీర్చినచో తగ్గింపు కలదా యని.