కంప్యూటరు పాఠములకు ఉమ్మడి ఒడంబడిక

పూర్వము మన గ్రామములలో ధాన్యమును కుంచములతోను, మానికలతోను కొలిచెడివారు. ఒక సీమలోని కుంచము వేఱొక సీమలోని కుంచముతో సరిపోయెడిది కాదు. అందువలన ఇచ్చువారికిని, పుచ్చుకొనువారికిని తగవులు కలుగుచుండెను. 1956లో తూనికల, కొలతల చట్టము చేయబడి, దేశమంతటను మెట్రిక్ పద్ధతి ఏర్పడిన పిదప ఆ చిక్కు క్రమముగా తొలగెను. కంప్యూటరు ద్వారా బోధించెడి పాఠముల చరిత్రలోను ఇట్టి చిక్కే కలిగెను. ఇట్టి ఉపాయముచేతనే అది చాలవఱకు తీఱెను.

విమానములను నడుపువారికిని, మరమ్మతు చేయువారికిని ఎడతెగని శిక్షణ అవసరము. విమాననిర్మాతలు ఇందులకై కంప్యూటరు పాఠములను సిద్ధపఱచి విమానసంస్థలకు ఇచ్చుచుండిరి. కాని ఒక్కొక్క నిర్మాత పాఠము ఒక్కొక్క విధమైన యంత్రముమీదనే నడిచెడిది. పలువురు నిర్మాతల విమానములను కొనిన సంస్థ పలు విధములైన కంప్యూటర్లను గూడ కొనవలసివచ్చెడిది. ఈ వృథావ్యయమును తప్పించుటకై 1988లో విమానపరిశ్రమకు చెందినవారు ఒక సంఘముగా ఏర్పడిరి. వ్యాపారమున పోటీదారులైనవారే ఒకచోట కూర్చుండి, మొదట యంత్రములనుగూర్చియు, 1993లో విద్యార్థుల వివరములను భద్రపఱచు విధానమునుగూర్చియు నియమములను ప్రకటించిరి.

ఇచ్చట రెండు విషయములను వేఱువేఱుగా గ్రహింపవలెను. మొదటిది పాఠము, ఇది పుస్తకము వంటిది. రెండవది, ఎవరు ఏ పాఠము చదివిరో, ఎన్ని మార్కులు పొందిరో వ్రాసియుంచెడి వ్యవస్థ. ఇది ఉపాధ్యాయుని చేతిలోని పట్టీ వంటిది. పుస్తకమును ఒకరు వ్రాయవచ్చును, పట్టీని మఱియొకరు ఉంచవచ్చును. అట్లయినను ఆ రెండింటికిని నడుమ వార్తలు నడచుటకు ఒక ఉమ్మడి భాష కావలెను.

అమెరికా రక్షణశాఖవారు దూరదేశములందున్న తమ సిబ్బందికి శిక్షణ నొసగుటకై 1997లో ఒక కార్యక్రమమును ఆరంభించిరి. దాని ఫలితముగా 2000లో ‘స్కార్మ్’ అను ప్రమాణము వెలువడెను. 2001లో వచ్చిన దాని 1.2 కూర్పు మిక్కిలి వ్యాప్తి చెందెను. ఈ పద్ధతిలో పాఠమంతయు ఒక మూటగా కట్టబడును. అందలి విషయసూచిక వంటి ఒక ఫైలు ఏ భాగము ఎచ్చట నున్నదో తెలుపును. విద్యార్థి పాఠమును తెఱవగానే అది పట్టీకి ‘ఆరంభించితిని’ అని తెలుపును. నడుమ మార్కులను పంపును. తుదకు ‘ముగించితిని’ అని చెప్పును. చదువు ఆపిన చోటును గుర్తుంచుటకు 4,096 అక్షరములవఱకు చోటు ఉండెను. పెద్ద పాఠములకు ఇది చాలకపోవుటచేత, 2009 నాటి కూర్పులో ఆ చోటు 64,000 అక్షరములకు పెంచబడెను.

1.2 కూర్పులో మఱియొక లోపము కలదు. విద్యార్థి స్థితిని తెలుపుటకు ఒక్క గడియే ఉండెను. అందు ‘పూర్తి’ అనియో, ‘ఉత్తీర్ణుడు’ అనియో, మఱి యేదో యొక్క మాటయే వ్రాయవలెను. పాఠమంతయు శ్రద్ధగా చదివి పరీక్షలో తప్పిన బాలుని స్థితి ఎట్లు వ్రాయవలెను? ‘తప్పెను’ అని వ్రాసినచో అతడు చదివినమాట మఱుగుపడును. ‘పూర్తి’ అని వ్రాసినచో అతనికి సహాయము కావలెనని గురువునకు తెలియదు. 2004లో వెలువడిన కూర్పు ఈ రెండింటికిని వేఱువేఱు గడులను ఏర్పఱచెను.

అయినను స్కార్మ్ పాఠము సాధారణముగా బ్రౌజరులో తెఱవబడి, పట్టీతో సంబంధము కలిగియున్నప్పుడే లెక్కకు వచ్చును. ప్రయోగశాలలో నేర్చినదియు, గ్రంథాలయములో చదివినదియు దానికి అందవు. ఈ కొఱతను తీర్చుటకై 2013లో ‘ఎక్స్ ఏపీఐ’ అను పద్ధతి వచ్చెను. దీని మూలసూత్రము మీరు వ్యాకరణమున నేర్చినదే. “సీత ప్రయోగమును పూర్తిచేసెను” అను వాక్యములో సీత కర్త, ప్రయోగము కర్మ, పూర్తిచేయుట క్రియ. ఇట్టి వాక్యములే ఒక భాండారములో చేర్చబడును. ఇంటర్నెట్టు అందని చోట వ్రాసియుంచి, తరువాత పంపవచ్చును గూడ.

కాని ఈ స్వేచ్ఛయే క్రొత్త చిక్కును తెచ్చెను. ఒకరు ‘ముగించెను’ అనియు, మఱియొకరు ‘పూర్తిచేసెను’ అనియు వ్రాసినచో యంత్రము ఒక్క పనినే రెండుగా ఎంచును. అందుచేత 2016లో ‘సీఎంఐ5’ అను నియమావళి తొమ్మిది క్రియలను ఏర్పఱచి, వాని అర్థములను నిర్ణయించెను. దీనికి అంకురార్పణ చేసినది ఆ విమానసంఘమే. 2014లో ఆ సంఘము రద్దయినను, అది తలపెట్టిన పని ఆగలేదు.

ఈ ప్రమాణములవలన ఒకచోట తయారైన పాఠము వేఱొకచోట ఉపయోగపడుచున్నది. వ్యవస్థ మాఱినను పాఠము వ్యర్థము కాకున్నది. అయినను పట్టీ తనలో ఉన్న గడులనే నింపగలదు. పుట తిప్పినట్లు అది ఎఱుగును. తిప్పినవానికి అర్థమైనదో లేదో పూర్తిగా ఎఱుగజాలదు. ఆ సంగతి విద్యార్థికిని, అతనిని ప్రశ్నించి తెలిసికొనెడి గురువునకును విడువబడినది.